కుక్కకు చూపు పోతుంటే: ఆపరేషనా, చుక్కల మందా, కన్ను తీయించడమా, ఇంట్లో సర్దుబాటా?

మా కుక్క మల్లికి తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. షుగర్ అని తేలిన అయిదు నెలలకు రెండు కళ్లలోనూ శుక్లాలు దిగాయి. ఇంకో మూడు నెలలకు కుడికన్ను ఎర్రబడి ఉబ్బింది. ఆ కన్ను తీయించేశాం. ఎడమకంటికి ఆపరేషన్ చేయించే వీలున్నా చేయించలేదు. అదే ఏడాది చెన్నై అన్నానగర్‌లో మా పిన్ని కూతురు తన లాబ్రడార్‌కు రెండు కళ్లకూ శుక్లం ఆపరేషన్ చేయించింది. మూడో వారానికి అది బంతి వెంట పరుగెత్తింది. మేమిద్దరం చేసిన పనులకు ఎక్కడా పొంతన లేదు. అయినా రెండు ఇళ్లలోనూ సరైన పనే జరిగిందని ఇవాళ్టికీ అంటాను.

మాది నెల్లూరు వైపు. మావారిది రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఉద్యోగం, అందువల్ల చెన్నై పెరంబూరులో స్థిరపడ్డాం. మల్లి సంగతి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి "అక్కా, ఆపరేషన్ చేయించమంటావా, వద్దా?" అని అడుగుతుంటారు. దానికి నేరుగా జవాబు చెప్పను. నేనే మూడు ప్రశ్నలు అడుగుతాను, ఇదే వరసలో. కంట్లో నొప్పి ఉందా? రోజుకు నాలుగైదుసార్లు చుక్కలు వేయడానికి ఇంట్లో ఎవరుంటారు? చూపు తిరిగొచ్చే అవకాశం ఎంత?

చాలామంది మూడోదాన్నే మొదట పెట్టుకుంటారు. మనకు కళ్లు పోతే లోకమంతా చీకటి కాబట్టి దానికీ అంతే అనుకుంటాం. కుక్కకు లోకమంటే మొదట ముక్కు, తర్వాత చెవి, ఆ తర్వాతే కన్ను. చూపు లేకుండా మల్లి రెండేళ్ల మూడు నెలలు తిన్నది, తిరిగింది, పాలవాడి మీద రోజూ మొరిగింది. కుడికంట్లో నొప్పి ఉన్న ఆ వారం మాత్రం గోడకు తల ఆనించి కూర్చుంది. నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. అందుకే నొప్పిని మొదట పెడతాను.

ముందు జబ్బేమిటో తేల్చుకోండి

కన్ను తెల్లగా కనిపించినంత మాత్రాన అది శుక్లం కాదు. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కల్లో కంటి కటకం గట్టిపడి నీలిపొగ కమ్మినట్టు అవుతుంది. అది వయసు. చూపు దాదాపుగా ఉంటుంది, దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. దీన్నే శుక్లం అనుకుని బెంగపెట్టుకున్న ఇళ్లు నాకు తెలిసినవే మూడున్నాయి. శుక్లమైతే పాలు విరిగినట్టు తెల్లగా, వెలుతురు లోపలికి వెళ్లకుండా అడ్డుపడుతుంది.

చూపు ఉందా లేదా అని ఇంట్లో చూడాలంటే దూదిపింజ ఒకటి దాని ముఖం ముందు పైనుంచి వదలండి. చప్పుడు ఉండదు, వాసన ఉండదు. చూపున్న కుక్క తల తిప్పుతుంది. చెయ్యి ఊపి చూడకండి. ఆ గాలి మీసాలకు తగిలి గుడ్డికుక్క కూడా కళ్లార్పుతుంది. రాత్రి దీపాలు తగ్గించి, దారిలో రెండు స్టూళ్లు పెట్టి పిలవండి. పగలు బాగా నడిచి చీకట్లో మాత్రం తడబడితే, అది రెటీనా మెల్లమెల్లగా అరిగిపోయే వంశపారంపర్య జబ్బు కావచ్చు. లాబ్రడార్లలో, కాకర్ స్పానియల్‌లలో ఇది ఉంది. దానికి మందు లేదు, నొప్పీ లేదు. రెండు మూడు రోజుల్లోనో రెండు మూడు వారాల్లోనో చూపు పూర్తిగా పోయి, కంటిపాపలు పెద్దవై, నీళ్లు తెగ తాగుతూ ఆకలి పెరిగితే రెటీనా హఠాత్తుగా పనిచేయడం మానేసే జబ్బు ఒకటుంది. దానికీ రుజువైన వైద్యం లేదు. ఈ రెండింట్లో ఆపరేషన్ కోసం పరుగెత్తడం డబ్బు దండగ. ఆ డబ్బూ ఓపికా ఇంటిని సర్దడానికి పెట్టండి.

దీనికి భిన్నంగా, సమయానికి పట్టుకుంటే తగ్గేవి ఉన్నాయి. మన చెన్నైలో అందరూ గుర్తుంచుకోవాల్సింది టిక్ ఫీవర్. ఇక్కడ చలికాలం అన్నదే లేదు కాబట్టి పిడుదులు ఏడాది పొడుగునా గోడల నెర్రెల్లో బతుకుతాయి. అవి మోసే ఎర్లిషియా అనే క్రిమి రక్తంలో ప్లేట్‌లెట్లను పడగొట్టి, కంటి లోపల వాపో రక్తస్రావమో తెస్తుంది. కన్ను ఎర్రగానో మసకగానో అయి, కుక్క నీరసంగా ఉండి అన్నం మానేస్తే రక్తపరీక్ష చేయించకుండా కంటి చుక్కలతో సరిపెట్టకండి. డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు వాడిస్తారు. ఆ మాత్ర ఒట్టిగా మింగిస్తే గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది, తిండితో పెట్టి నీళ్లు తాగించాలి.

ఇక నొప్పి పెట్టేవి. కంట్లో ప్రెషర్ పెరిగే గ్లాకోమా, మనవాళ్లు నీటికాసులు అంటారే అది. నల్లగుడ్డు మీద పుండు. కంటి లోపలి వాపు. కన్నీరు ఎండిపోయి జిగట పుసి కట్టే జబ్బు. కుక్క నొప్పి అని చెప్పదు. కన్ను సగం మూస్తుంది, ముఖం సోఫాకు రుద్దుకుంటుంది, పగలంతా పడుకుంటుంది. "ముసలిదైంది, అందుకే నిద్ర" అని మేమూ అనుకున్నాం.

వేపేరికా, వీధి చివరి క్లినిక్‌కా?

కుడికన్ను ఎర్రబడినప్పుడు దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాం. టార్చి వేసి చూసి, ఇన్‌ఫెక్షన్ అని చుక్కలు రాశారు. నాలుగు రోజులు పోయాయి. అయిదో రోజు వేపేరిలోని పెద్ద పశువుల ఆసుపత్రికి వెళ్తే కంటికి చిన్న యంత్రం ఆనించి ప్రెషర్ కొలిచారు, 48 వచ్చింది. కుక్కకు మామూలుగా 10 నుంచి 25 మధ్య ఉండాలి. ఆ కంట్లో చూపు శుక్లంతోనే పోయింది, కాబట్టి చూపు పోయిందని నా బాధ కాదు. నాలుగు రోజులు అది తలపోటుతో కూర్చుందన్నదే.

అప్పటినుంచి నేను ఇచ్చే మొదటి సలహా ఇదే. ఏ క్లినిక్‌కైనా బయల్దేరేముందు ఫోన్ చేసి "కుక్క కంటి ప్రెషర్ చూసే మిషన్ మీ దగ్గర ఉందా?" అని అడగండి. ఎర్రటి కంటికి ఆ మిషన్ లేనిచోట సగం వైద్యమే జరుగుతుంది.

వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల 1903లో మొదలైంది. ఇప్పుడు తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. ఫీజు నామమాత్రం. రక్తపరీక్ష, స్కానింగ్, కన్ను, గుండె అన్నీ ఒకే ఆవరణలో అయిపోతాయి. మల్లిలా రెండు మూడు జబ్బులు కలిసిన కుక్కకు ఇది పెద్ద వరం. కష్టమల్లా పొద్దున్నే వెళ్లి వరసలో కూర్చోవాలి. చుట్టూ అరుపులు, కొత్త వాసనలు, చూపులేని కుక్క వణికిపోతుంది. పైగా వెళ్లిన ప్రతిసారీ అదే డాక్టరు ఉండరు. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టుకోండి: తేదీ, షుగర్, కంటి ప్రెషర్, వాడుతున్న మందు, ఎన్ని చుక్కలు. మా పుస్తకం చూసి ఒక డాక్టరుగారు "ఇది తెచ్చినందుకు అరగంట మిగిలిందమ్మా" అన్నారు.

ప్రైవేటు క్లినిక్‌లో ఒకే డాక్టరు మొదటినుంచీ చూస్తారు, సాయంత్రం ఆఫీసు అయ్యాక వెళ్లొచ్చు, ఫోన్‌లో దొరుకుతారు. ఖర్చు ఎక్కువ. మేం రెండూ కలిపి వాడుకున్నాం. పరీక్షలూ ఆపరేషన్ నిర్ణయమూ పెద్దాసుపత్రిలో, నెలనెలా చూపించుకోవడం ఇంటి దగ్గరి ఇంకో డాక్టరు దగ్గర. మీకూ అదే చెప్తాను.

శుక్లానికి: ఆపరేషన్ చేయించాలా?

షుగర్ ఉన్న కుక్కల్లో ఏడాది తిరిగేసరికి నాలుగింట మూడింటికి శుక్లాలు వస్తాయి. మన తప్పు కాదు, ఎంత జాగ్రత్తగా చూసినా వస్తాయి. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు కటకంలో సార్బిటాల్ అనే పదార్థం పేరుకుని నీటిని లాక్కుంటుంది, కటకం ఉబ్బి తెల్లబడుతుంది. నాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా ఇన్సులిన్ సరిగా వేయలేదేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆపరేషన్ అంటే మనుషులకు చేసే ఫేకో లాంటిదే. పూర్తి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌తో కటకాన్ని ముక్కలు చేసి పీల్చేసి, ఆ చోట కృత్రిమ లెన్స్ పెడతారు. దానికి ముందు రెటీనా బతికే ఉందో లేదో చూసే ఇఆర్‌జీ పరీక్ష, కంటి స్కానింగ్ తప్పనిసరి. రెటీనా పోయిన కంటికి కటకం మార్చి లాభం లేదు. సరైన కుక్కను ఎంచుకుని చేస్తే పదింట దాదాపు తొమ్మిదింటికి చూపు వస్తుంది. ఆ తర్వాత ఏళ్లలో కొన్నింటికి గ్లాకోమా రావచ్చు, రెటీనా ఊడిరావచ్చు. ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది.

మన పెద్దవాళ్లు "శుక్లం ముదరనివ్వండి, అప్పుడు తీయిద్దాం" అంటారు. మనుషులకు పాత రోజుల్లో అలాగే చేసేవారు. కుక్క విషయంలో అది తలకిందుల సలహా. శుక్లం ముదిరేకొద్దీ కటకంలోంచి కారే మాంసకృత్తులు కంట్లో వాపు తెస్తాయి. వాపు ఉన్న కంటికి ఆపరేషన్ ఫలితం తగ్గుతుంది. చేయించదలిస్తే తొందరగా చేయించాలి. శుక్లాన్ని కరిగించే చుక్కల మందు ఏదీ లేదు. సినరేరియా అనే హోమియో చుక్కలు వేయమని కనీసం పదిమంది చెప్పారు మాకు. నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టమని మా ఊరినుంచి కబురు వచ్చింది. ప్రేమతో చెప్పారు, కాదనను. కానీ ఆ పూల పాలు కంట్లో పడితే మంట. వాటితో గడిపిన నెలలు తిరిగి రావు.

ఆపరేషన్ అసలు పరీక్ష మర్నాటినుంచి మొదలవుతుంది. మా చెల్లెలి ఇంట్లో నాలుగు రకాల చుక్కలు, రోజుకు నాలుగైదుసార్లు, ఒకదానికీ ఇంకోదానికీ అయిదు నిమిషాల ఎడం. కన్ను గోక్కోకుండా మెడకు గరాటులాంటి కోన్. గొలుసు మెడకు కాకుండా ఛాతీకి, ఎందుకంటే మెడ బిగిస్తే కంటి ప్రెషర్ పెరుగుతుంది. మొరగకూడదు, దూకకూడదు. మా చెల్లెలు ఇంటినుంచే పనిచేస్తుంది, కాలేజీ పిల్లలిద్దరు ఉన్నారు, ఫ్రిజ్ తలుపు మీద టైంటేబుల్ అతికించి టిక్కులు పెట్టుకున్నారు. వాళ్ల లాబ్రడార్‌కు ఆరేళ్లు, వేరే జబ్బు లేదు, ఇంకో ఆరేడేళ్ల బతుకు ముందుంది. అలాంటి ఇంట్లో చేయించకపోతేనే తప్పు.

మా ఇంట్లో మావారు ఏడింటికి వెళ్లిపోతారు. నేను బడిలో టీచర్ని, ఎనిమిదికి వెళ్తే నాలుగున్నరకు వస్తాను. పగలు ఉండేది 74 ఏళ్ల మా అత్తయ్య. ఆమె చేతులు వణుకుతాయి. మల్లికి పదో ఏడు నడుస్తోంది, షుగర్ ఒకరోజు 180, ఇంకోరోజు 350. షుగర్ నిలకడగా లేని కుక్కకు మత్తు ఇవ్వడానికి డాక్టర్లు కూడా వెనకాడారు. రెటీనా మాత్రం బాగుందని ఇఆర్‌జీలో వచ్చింది. అంటే చూపు వచ్చేదే. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆసుపత్రి చెట్టు కింద చాలాసేపు కూర్చున్నాను. ఖర్చు కూడా మా లెక్కలో ఉంది, అది దాచను. చేయించొద్దని ఆ రాత్రి అనుకున్నాం.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ వద్దనుకోవడమంటే వదిలేయడం కాదు. శుక్లం ఉన్న కంటికి వాపు రాకుండా జీవితాంతం చుక్కలు వేయాలి. స్టెరాయిడ్ చుక్కలు షుగర్‌ను పెంచొచ్చు కాబట్టి మల్లికి స్టెరాయిడ్ కానివి ఇచ్చారు. మూడు నెలలకోసారి ప్రెషర్ చూపించాలి. కుడికంటికి మేం ఇవేవీ చేయలేదు, ఎవరూ చెప్పలేదు, అది గ్లాకోమాలోకి దిగింది. ఎడమకంటికి చేశాం. ఆ కన్ను చివరిదాకా నొప్పి లేకుండా ఉంది. పొద్దున ఆరున్నర, రాత్రి ఏడు, ఇన్సులిన్ వేళకే చుక్క కూడా. మా ఇంట్లో చేయగలిగిన వైద్యం అది.

నొప్పి పెట్టే కన్ను: చుక్కలా, తీయించడమా?

గ్లాకోమాలో ఇంకా చూపు ఉంటే అది అత్యవసరం. ఒకటి రెండు రోజుల్లో చూపునరం చచ్చిపోతుంది, ఆదివారమైనా సరే ఆగకండి. డార్జోలమైడ్, టిమలాల్, లటానోప్రోస్ట్ లాంటి చుక్కలతో ప్రెషర్ దింపుతారు. ఏది ఎవరికన్నది డాక్టరే తేల్చాలి. లటానోప్రోస్ట్ కొన్ని కళ్లకు హాని చేస్తుంది, టిమలాల్ గుండెజబ్బు ఉన్నవాటికి మంచిది కాదు.

చూపు పోయి, మందులకు ప్రెషర్ దిగని కన్నైతే ఎంచుకోవాల్సింది రెండింట్లో ఒకటి. రోజుకు మూడుసార్లు చుక్కలు వేస్తూ, ఖర్చు పెడుతూ, నొప్పి పూర్తిగా తగ్గకుండానే నెలలు నడపడం. లేదా తీయించేయడం. కనుగుడ్డును లోపల ఖాళీ చేసి సిలికాన్ బంతి పెట్టే పద్ధతీ, కంట్లోకి ఇంజెక్షన్ ఇచ్చి ప్రెషర్ దింపే పద్ధతీ ఉన్నాయి. మొదటిది చూడ్డానికి బాగుంటుంది, రెండోది మత్తు భరించలేని కుక్కకు పనికొస్తుంది. కానీ తీయించేస్తే అది ఒక్కసారితో తీరిపోయే బాధ.

నాకు ఇది ఒప్పుకోవడం చాలా కష్టమైంది. కన్ను పీకించడమా అని అత్తయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. ఆపరేషన్ అయిన మూడోరోజు మల్లి నా చెప్పు నోట కరుచుకుని వరండాలోకి పారిపోయింది. ఏడాదిగా అది ఆ పని చేయలేదు. అప్పటిదాకా అది ముసలిదైందనుకున్నాం, నొప్పితో ఉందని అప్పుడు తెలిసింది. కుట్లు పదిరోజుల్లో తీశారు, బొచ్చు పెరిగి ఆ చోటు కన్ను మూసుకున్నట్టే కనిపించేది. అద్దంలో చూసుకుని బాధపడే అలవాటు కుక్కకు లేదు. ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మండి: చూపు లేని, నొప్పి ఉన్న కన్ను తీయించాలా అని ఆలోచిస్తుంటే ఆలస్యం చేయకండి.

మనుషుల మెడికల్ షాపు చుక్కలు, మాత్రలు సొంతంగా వాడకండి. నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ కలిసిన చుక్క పడితే పుండు తొలుచుకుపోతుంది. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

షుగర్ సంగతి

"మాత్రలతో కాదా?" అని అందరూ అడుగుతారు. కుక్కలకు దాదాపుగా ఇన్సులినే గతి, రోజుకు రెండుసార్లు, దాదాపు పన్నెండు గంటల ఎడంతో, తిండి తర్వాత. సూది వేయడం అనుకున్నంత కష్టం కాదు, నాలుగో రోజుకు చెయ్యి తిరుగుతుంది. అసలు ప్రమాదం సిరంజి దగ్గర ఉంది. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు, 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. ఎర్రమూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. తారుమారైతే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఒకసారి షాపులో మాకు నారింజ మూతవి ఇచ్చారు, మావారు ఇంటికొచ్చాక చూశారు. కొనేటప్పుడే సీసా పక్కన పెట్టి సరిచూసుకోండి.

తినకపోతే మామూలు డోసు వేయకండి. ఎంత తగ్గించాలో, మానాలో ముందుగానే డాక్టరును అడిగి నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. తూలినా, పడిపోయినా, వణికినా చిగుళ్లకు తేనెగానీ గ్లూకోజు నీళ్లుగానీ రుద్ది ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే ఎదకొచ్చినప్పుడల్లా ఇన్సులిన్ సరిగా పనిచేయదు. మేం తెలియక వదిలేశాం. కన్ను తీసే రోజే అదీ చేయించేశాం, ఆ తర్వాత షుగర్ కాస్త దారికొచ్చింది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మా వైపు కరెంటు రోజుల తరబడి లేదు. ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చిన్న మట్టికుండలో పెట్టి, ఆ కుండను తడి ఇసుక పోసిన పెద్ద కుండలో ఉంచాం. ఇంట్లో రెండు కుండలు ఉంచుకోండి, వానలకు ముందే.

తిండికి ప్యాకెట్ ఆహారమా, ఇంటి వంటా? ప్యాకెట్‌లో ప్రతిపూటా ఒకే లెక్క ఉంటుంది, షుగర్ కుక్కకు అది సుఖం. ఇంటి వంటైతే పెరుగన్నం అలవాటు మానిపించి, అన్నం తగ్గించి, ఉడికించిన కోడిమాంసం, బీన్స్, గుమ్మడి తూకం వేసి పెట్టాలి. నీరుల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ పనికిరావు. మా ఇంట్లో గొడవంతా ప్రసాదం దగ్గర. "ఒక్క ముద్దకేమవుతుందమ్మా?" అని అత్తయ్య చక్కెర పొంగలి పెట్టేసేది. చివరికి ఇద్దరం ఒప్పందానికి వచ్చాం, మల్లి ప్రసాదం కీరాముక్క.

ఇంట్లో: వదిలేయాలా, కట్టిపెట్టాలా?

కొందరు గుడ్డికుక్కను ఒక గదిలో పెట్టి తలుపు వేస్తారు, దెబ్బలు తగలకూడదని. మొదటి నాలుగైదు రోజులు, కన్ను తీసిన వారం, అది సరే. ఆ తర్వాత అది శిక్ష. ఇంకొందరు తల చుట్టూ కమ్మిలా వచ్చే రింగు కొంటారు. చూపు హఠాత్తుగా పోయిన కుక్కకు అది ధైర్యం ఇస్తుంది. మల్లికి వేస్తే అడుగు తీసి అడుగు వేయలేదు, రెండు రోజులకు తీసేశాం. కొనేముందు ఎవరిదైనా అడిగి తెచ్చి వేసి చూడండి.

మాకు పనికొచ్చినవి ఇంట్లోవే. సోఫా, మంచం, కుండీ అంగుళం జరపకూడదు. మెట్టు ముందు కొబ్బరిపీచు పట్ట. కాలికి గరుకు తగిలితే మెట్టు వచ్చిందని దానికి మూడు రోజుల్లో అర్థమైంది. నున్నటి టైల్స్ మీద మలుపుల దగ్గర గోనెపట్టలు. నీళ్లగిన్నె దగ్గర, నోటికి అందనంత ఎత్తున వట్టివేళ్ల కట్ట ఒకటి వేలాడదీశాం, ఎండాకాలంలో తడిపితే ఇల్లంతా ఆ వాసనే. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు, యూకలిప్టస్ నూనె మాత్రం గుర్తుకోసం వాడకండి, కుక్కకు విషం. అత్తయ్య కాళ్లకు మా అమ్మాయి పాత గజ్జెల్లోంచి రెండు మువ్వలు కట్టుకుంది. ఆమె ఎటు వెళ్తే మల్లి అటు. పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గు వేసిన గడప దగ్గర తడిమట్టి వాసనకు ఆగేది, అక్కడినుంచి వీధి అని దానికి తెలుసు.

మాటలు తక్కువ, ఎప్పుడూ అవే. మేం "మెట్టు" అనేవాళ్లం, మా పనమ్మాయి తమిళంలో "పడి" అనేది. మొదటి వారం మల్లి తికమకపడింది. అందరం "మెట్టు" అనే అనుకున్నాక కుదుటపడింది. ముట్టుకునేముందు పేరు పిలవండి, నిద్రలో తట్టకండి. తోడుకు ఇంకో కుక్కపిల్లను తెద్దామన్న ఆలోచన జబ్బుపడ్డ ముసలి కుక్క ఉన్న ఇంట్లో వద్దనే నా అభిప్రాయం. దానికి కావాల్సింది నిద్ర.

వీధిలో నడకా, మిద్దె మీదా? చూపులేని కుక్క ఎదుటి కుక్క తోకనూ చెవులనూ చదవలేదు, మర్యాద తప్పుతుంది, కాట్లాట అవుతుంది. మేం తెల్లవారుజామున మిద్దె మీద తిప్పేవాళ్లం, పిట్టగోడ ఎత్తుగా ఉంది కాబట్టి. మెట్ల మీద చిన్న గేటు పెట్టించాం. దీపావళికి మాత్రం లోపలి గదిలో, ఫ్యాన్ చప్పుడు, కిటికీకి బొంత. డాక్టరు ఇచ్చిన మందు టపాసులు మొదలయ్యేలోపే.

ఊరెళ్లాల్సి వస్తే బోర్డింగ్‌లో వదలొచ్చా? ఇన్సులిన్ వేయగలిగినవాళ్లు, రాత్రి మనిషి ఉండేవాళ్లు అయితే సరే. కానీ కొత్తచోటు అంటే మళ్లీ మొదటినుంచి గోడలు నేర్చుకోవాలి. ఇంటికే వచ్చి ఉండే మనిషి మేలు. నెల్లూరు పెళ్లిళ్లకు మేం కారులో వెంట తీసుకెళ్లాం, దాని చాప, దాని గిన్నె, అత్తయ్య పాత చీర ముక్కతో సహా. రైలు గార్డు పెట్టెలో అలాంటి కుక్కను ఎక్కించొద్దు.

ఆఖరి నిర్ణయం

గుడ్డిదైందని ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. చూపు పోవడం ఒక్కటే దానికి తగిన కారణం కాదు, ఏ మంచి డాక్టరూ ఒప్పుకోరు. నేను నోటుపుస్తకం వెనక పేజీలో రోజూ నాలుగు రాసేదాన్ని: తిన్నదా, లేచి బయటికెళ్లిందా, పిలిస్తే తోక ఊపిందా, నొప్పి కనిపించిందా. చెడ్డరోజులు మంచిరోజులను దాటిన వారం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మల్లికి చివర్లో మూత్రపిండాలు పోయాయి. మందులతో ఇంకొన్నాళ్లు లాగవచ్చన్నారు, ఆ కొన్నాళ్లూ సెలైన్ సూదులతోనే. ఇంట్లో దానంతటదే పోనిద్దామని మావారు, ఇక చాలని నేను. రెండు రోజులు మాట్లాడుకున్నాం. మూడో రోజు అది నీళ్లు కూడా వాంతి చేసుకుంటే మావారే డాక్టరుకు ఫోన్ చేశారు.

ఆసుపత్రిలోనా ఇంట్లోనా అంటే, చూపులేని కుక్కకు ఇంట్లోనే. ఇంటికొచ్చే డాక్టరు నంబరు ముందే అడిగి పెట్టుకోండి, ఆ రోజు వెతకడం మీవల్ల కాదు. మొదట మత్తుసూది ఇచ్చి, నిద్రపోయాక రెండోది ఇవ్వమని అడగండి. బయట ఉంటారా అని మిమ్మల్ని అడుగుతారు, లోపలే ఉండండి. మేం వరండాలో, దాని చాప మీదే చేయించాం. రాత్రి ఏడైంది, రోజూ ఇన్సులిన్ వేసే వేళ. సూది అనగానే అలవాటుగా మెడ వంచింది. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుని, అది వినేలా మువ్వల కాలు మెల్లగా కదుపుతూ ఉంది.